తుమ్ముల కారం

మా నాంచారమ్మ కారం మర ముందు ఒకసారి ఒంగోలు బస్సు ఆగిపోయింది. ఇంజను బాగానే ఉంది. డ్రైవరు తుమ్మాడు, కండక్టరు తుమ్మాడు, ఆ వెనక బస్సు బస్సంతా వరసగా తుమ్ముకుంటూ పోయింది. ఆఖరి తుమ్ముకి వెనక అద్దం ఊడి రోడ్డున పడింది. అద్దం సంగతి నేను కలిపాను లెండి. తుమ్ముల సంగతి మాత్రం అప్పట్లో మార్టూరులో ఎవరినడిగినా చెప్పేవారు.

నాంచారమ్మ నాకు వరసకు మరదలు. ఎనభై నాలుగులో ఆమే, మొగుడు అంకమ్మరావూ ఉన్న కాస్త పొలం అమ్మి రోడ్డు పక్కన మర పెట్టారు. మిరపకాయ పండే చోట కారం ఎవరు కొంటారే, సముద్రం ఒడ్డున ఉప్పు కొట్టు పెట్టినట్టుందని నేను ఆటపట్టించాను. ఆమె పట్టించుకోలేదు. కొనడానికి వచ్చిన వాళ్ళ అరచేతిలో చిటికెడు కారం వేసి వాసన చూడమనేది. తుమ్ము వస్తేనే పొట్లం కట్టేది. రాకపోతే వేరే కొట్టుకి వెళ్ళమనేది.

ఇందులో ఒక చిక్కుంది. మనవాళ్ళు బయల్దేరేటప్పుడు తుమ్ము వినపడితే అడుగు ముందుకు వెయ్యరు గదా. పొట్లం చేతికి రాగానే ఇంటికి కదలాల్సిన మనిషి అక్కడే తుమ్మి ఇరుక్కుపోయేవాడు. అపశకునం అమ్ముతున్నావేంటమ్మా అని తిట్టిపోసిన వాళ్ళూ ఉన్నారు. నాంచారమ్మ ఒక బల్ల వేయించింది, పక్కన కుండలో నీళ్ళు పెట్టింది. తుమ్మినవాళ్ళు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, నాలుగు మాటలాడి లేచేవారు. లేవబోయేసరికి పక్కవాడు తుమ్మేవాడు. మళ్ళీ కూర్చోవడమే. ఆ బల్ల మీద కుదిరిన పెళ్ళి సంబంధాలున్నాయంటే మీరు నమ్మరు కాబట్టి చెప్పను.

అంకమ్మరావు లక్ష్మీదేవి బొమ్మతో చీటీలు అచ్చు వేయించి పొట్లాలకు అంటించాడు. ఒక్కడూ చదవలేదు. అందరికీ అది తుమ్ముల కారమే.

ఆ పేరు ఒంగోలు దాకా పోయి, అక్కడ పెద్ద హోటలు నడిపే గురునాథం గారి చెవిన పడింది. నెలనెలా సరుకు తీసుకుంటానని, ముందు వచ్చి చూస్తానని కబురు పెట్టాడు. అంకమ్మరావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. చిల్లర పొట్లాలతో మర గిట్టుబాటు కావడం లేదు. ఈ బేరం కుదరకపోతే దాన్ని అమ్మేసి, ఇద్దరూ ఒకరి కల్లంలో కూలికి పోవాల్సిందే.

సరిగ్గా ఆ ఫాల్గుణంలోనే అకాల వర్షం పడింది. కల్లాల్లో ఆరబోసిన కాయ తడిసింది, ఘాటు చచ్చింది. దాన్ని పట్టిస్తే వచ్చిన కారం, మొహం నిండా రాసుకున్నా ఏమీ అనేది కాదు. ఆ వారమే గురునాథం గారు కారులో దిగాడు.

నాంచారమ్మ చిటికెడు కారం ఆయన అరచేతిలో వేసింది. ఆయన వాసన చూశాడు. మర కప్పు ఎగిరిపోయేట్టు తుమ్మాడు. అంకమ్మరావు మొహం వెలిగిపోయింది.

“అబ్బ, పేరు నిలబెట్టావమ్మా. నెలకెంత పంపగలవు?” అన్నాడాయన, జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంటూ.

నాంచారమ్మ ఆ రుమాలు వంక చూసింది. “మీకు జలుబుగా ఉందాండీ?”

“రెండ్రోజుల్నించీ ఉందిలే.”

“అయితే ఆ తుమ్ము మీ జలుబుదండీ. నా కారానిది కాదు. కాయ తడిసింది. ఈ సరుక్కి తుమ్ము రాదు.”

ఆయన తెల్లబోయాడు. సరేనమ్మా అని కారెక్కి వెళ్ళిపోయాడు. బల్ల మీద కూర్చోను కూడా లేదు.

కారు కనుమరుగయ్యాక అంకమ్మరావు నోరు తెరిచాడు. “జలుబో గిలుబో, తుమ్మాడా లేదా?”

“తుమ్మాడు. జలుబు తగ్గాక ఏం చేస్తాడు?” అంది నాంచారమ్మ.

ఆ తర్వాత వాళ్ళింట్లో మాటలు బందయ్యాయి. అన్నం పెట్టమని చెప్పడానికి కూడా నన్నే మధ్యన పెట్టేవాడు. ఆమె మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది: ఈసారి కారం చప్పగా ఉంది, సగం ధరకిస్తాను, కూరలో రెండింతలు వేసుకోండి. కొందరు తీసుకున్నారు, కొందరు పక్క కొట్టుకి నడిచారు. బల్ల మీద దుమ్ము పేరుకుంది. మర కొనేవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడమని అంకమ్మరావు నన్ను రహస్యంగా అడిగాడు. చూస్తానన్నాను. చూడలేదు.

చైత్రంలో మలి కోత కాయ మంచి ఎండకు ఎండి వచ్చింది. మర తిప్పగానే రోడ్డవతల కట్టేసిన గేదె తుమ్మింది. ఇది నేను కలిపింది కాదు.

తర్వాత మూడు నాలుగు రోజులకు ఆ కారే వచ్చి ఆగింది.

“నా జలుబు తగ్గిందమ్మా. మరి నీ కారానికి తగ్గిందా?” అంటూ దిగాడు గురునాథం గారు. “ఒంగోల్లో నలుగురి దగ్గర సరుకు చూశాను. అందరిదీ బ్రహ్మాండంగా ఉందట, వాళ్ళే చెప్పారు. ఎవర్ని నమ్మాలో తెలియక ఇటు వచ్చాను.”

నాంచారమ్మ ఆయన అరచేతిలో చిటికెడు వేసింది. ఆయన వాసన చూశాడు. ఒక తుమ్ము. అంకమ్మరావు కళ్ళు మూసుకున్నాడు. ఇంకో తుమ్ము.

“జంట తుమ్ము, శుభం. మీరిక కూర్చోనక్కర్లేదండీ, బయల్దేరొచ్చు,” అన్నాను నేను.

“బేరం మాట్లాడకుండా ఎక్కడికయ్యా?” అంటూ ఆయన కండువాతో బల్ల మీది దుమ్ము తానే దులుపుకుని కూర్చున్నాడు.

అంకమ్మరావు కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చాడు. పెళ్ళాంతో, ఇన్నాళ్ళ తర్వాత, నేరుగా మాట్లాడాడు. “ఇంకో బల్ల చేయించాలేమోనే.”

గోడకంటించిన చీటీ మీది లక్ష్మీదేవి కూడా అప్పుడు తుమ్మింది. నేను చూశాను.