మీట తిప్పడం మరిచిన పూట

నేను ఒక అరచేతి పెట్టెను. మంచుకొండల్లో గస్తీ తిరిగే సిపాయిల గుండెల మీద వేలాడుతుంటాను. మీట ఒక వైపుంటే, మంచులో ఎంత లోతున కూరుకుపోయినా 'ఇక్కడున్నాను' అని పిలుస్తూ ఉంటాను. రెండో వైపు తిప్పితే తక్కిన పెట్టెల పిలుపులు వింటాను. రెండూ ఒకేసారి చెయ్యలేను. ఏ దేశపు ఫ్యాక్టరీలోనో నన్ను చేసిన మహానుభావుడి బుర్ర అంతవరకే పనిచేసింది.

నా మొదటి యజమాని ఓ సుబేదారు గారు. బ్యాటరీ అరిగిపోతుందని నన్ను ఆపేసి మరీ తగిలించుకునేవారు. తడిసిపోతుందని గొడుగు చంకలో పెట్టుకున్నట్టు! ఆయన రిటైరయ్యాక శ్రీకాకుళం కుర్రాడు తవిటినాయుడి మెడలో పడ్డాను. అతని అక్క మొగుడు గౌరునాయుడిదీ అదే దళం.

మే నెల. పొద్దున్న రాయిలా ఉండే మంచు ఎండెక్కేసరికి నీళ్లోడుతూ జారిపోతుంది. అందుకే మధ్యాహ్నంలోగా వాలు దాటెయ్యాలని నియమం. ఆ రోజు దారి తవ్వుకోవడంలో ఆలస్యమైంది.

"ఎండ తగిల్తే పేణం లెగిసొచ్చినాది బావా" అన్నాడు తవిటినాయుడు. చలికి కొయ్యబారినవాడికి ఎండ చుట్టంలాగే కనిపిస్తుంది మరి.

అంతలో పైనుంచి మంచు విరుచుకుపడి గౌరునాయుణ్ణి మింగేసింది. తవిటినాయుడు నా మీటను వినే వైపు తిప్పాడు. మంచు కింది పిలుపు పట్టుకుని నేను దారి చూపించాను. అతను పారతో, ఆ పైన గోళ్లతో తవ్వాడు.

"లెగు బావా! అప్పకేటి సెప్పాల నాను?"

గౌరునాయుడు దగ్గాడు. అమ్మయ్య, బతికాడు! ఇద్దరూ వాటేసుకుని ఏడ్చారు. మధ్యలో నలుగుతూ నేనూ సంతోషించాను.

ఆ సంతోషంలో నా మీట వినే వైపే ఉండిపోయింది. తిప్పరా నాయనా అని అరుద్దామంటే నాకు నోరేదీ? వాలు మీద మిగిలిన మంచు కూడా జారింది. ఈసారి తవిటినాయుణ్ణి పట్టుకుపోయింది.

పైన గౌరునాయుడూ, తక్కినవాళ్లూ తమ పెట్టెలను వినే వైపు తిప్పారు. కింద నేనూ వింటున్నాను. పిలిచేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నా కింద తవిటినాయుడి గుండె దబదబా కొట్టుకుంది, నెమ్మదించింది, ఆగిపోయింది. దాన్ని వినడం తప్ప నేనేమీ చెయ్యలేకపోయాను.

పొడుగాటి ఊచలు గుచ్చి గుచ్చి వెతికి, మర్నాడు బయటికి తీశారు. గౌరునాయుడు నా మీట వంక చూశాడు. బొటనవేలితో దాన్ని పిలిచే వైపు తోశాడు. చుట్టూ అందరి పెట్టెలూ ఒక్కసారిగా మోగాయి.

"ఇంతే గదరా తవిటీ... ఇంతే గదరా!" అంటూ మంచులో కూలబడిపోయాడు.

నన్ను ఆపమని ఎవరూ అనలేదు. బ్యాటరీ అయిపోయేదాకా పిలుస్తూనే ఉన్నాను.