ఎనిమిదో ప్రాసెసర్ కింద బకెట్టు

ఊళ్లో బస్సులు ఏ వేళకు ఎక్కడ ఉండాలో లెక్కగట్టే ఆఫీసది. పొద్దున్నే అక్కడ జరిగే మొదటి పని గదులు తుడవడం. తుడిచే ఆవిడను అందరూ పెద్దమ్మ అంటారు. ఆమె ముందుగా మిషను గదిలోకి వెళ్తుంది. ఆ మిషనులో ఎనిమిది ప్రాసెసర్లు, అంటే ఉన్న పనిని పంచుకుని చేసే ఎనిమిది బుర్రలు. ఎనిమిదోదాని కింది నుంచి కాలం కారుతూ ఉంటుంది. చూడ్డానికి నీళ్లే, కాకపోతే కాస్త చల్లన. రోజుకో బకెట్టు పట్టి, పెద్దమ్మ దాన్ని వరండాలో పూలకుండీలకు పోస్తుంది. నెల కిందట విచ్చిన పూలు ఇంకా రాలలేదు. గుమాస్తాలు టీ చల్లారిపోకుండా గ్లాసుకి రెండు చుక్కలు పూసుకుంటారు. అంతకు మించి దాని ఊసు ఎవరికీ పట్టదు.

ఆ మిషను బాగోగులు చూసే ఆవిడ పేరు ఆఫీసులో యంత్రాలమ్మగా స్థిరపడిపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చిన కళ్లతో వచ్చింది. అమ్మ పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్క ఆసుపత్రిలో ఉంది. “ఈ గుండె సాయంత్రం దాకా లాగితే గొప్ప. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు గారేమో రేపు పదింటికి గాని రారు” అని వార్డు డాక్టరు చెప్పేశాడు. సెలవు అడిగి పోదామని వచ్చిందామె.

ఆఫీసరు ఆమెను నేరుగా తెర ముందుకు తీసుకెళ్లాడు. ఆయన్ని వెనకాల శాతాల సారు అంటారు. చెడ్డవాడేం కాదు, అంకె తేడా వస్తే అన్నం సహించని మనిషి.

“ఇది చూడండి. ఏడు ప్రాసెసర్లు నూటికి తొంభై పైన పనిచేస్తున్నాయి. ఎనిమిదోది సున్నా! మూడింటికి పైవాళ్లకు రిపోర్టు పోవాలి. ఖాళీగా కూర్చున్నదాన్ని పీకెయ్యమంటారు.”

“అది పనిచేస్తోంది సార్. నిన్న ఆపి చూస్తే బస్సుల పట్టిక అరగంట ఆలస్యంగా వచ్చింది.”

“మరి సున్నా ఎందుకు? లెక్క సరిచేసి వెళ్లండమ్మా, నేనేం అడ్డుపడను.”

ఆమె కూర్చుంది. తీగలు ఊడదీసి బిగించింది. ఎనిమిదోదాని పని మూడోదానికిచ్చి చూసింది, ఈసారి మూడోది సున్నా అయింది. అంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, లెక్కది. పదకొండింటికి బావ ఫోన్ చేశాడు. “నిన్నే కలవరిస్తోందమ్మా. ఎంత తొందరగా వస్తే అంత మంచిది” అన్నాడు. తెర మీద ప్రోగ్రాం అక్షరాలు అలుక్కుపోతుంటే కళ్లు తుడుచుకుంటూ చదివింది.

ఒంటిగంటకు దొరికింది. సెకనుకి వందసార్లు మిషను లోపలి గడియారం కొడుతుంది. కొట్టినప్పుడల్లా లెక్క చూసే ప్రోగ్రాం ఎనిమిదోదాన్ని “ఖాళీయా?” అని తొంగిచూస్తుంది. అది చూసి వెళ్లిన మరుక్షణం పని మొదలవుతుంది, మళ్లీ గడియారం కొట్టేలోపే ముగిసిపోతుంది. ఎప్పుడు చూసినా ఖాళీయే. ముందు లెక్క, తర్వాత పని అని ఆ వరస పెట్టిన మహానుభావులెవరా అని వెతికితే, ఎనిమిదేళ్ల కిందట పెట్టింది తనే. రెండు వాక్యాలు అటూ ఇటూ చేస్తే లెక్క సరిపోతుంది. కింద కారేది ఆ లెక్కలోకి ఎక్కని కాలమే కాబట్టి, అదీ ఆగిపోతుంది.

ఆమె లేచి వెళ్లి బకెట్టు పక్కన చతికిలబడింది. “పెద్దమ్మా, ఇది మనిషికి పనిచేస్తుందా?”

“మా ఆయనకు జ్వరమొస్తే ఓసారి ఒళ్లు తుడిచాను. బకెట్టుకి రెండు గంటలు వచ్చింది. ఆ రెండు గంటలూ జ్వరం పెరగలేదు, తగ్గలేదు. ఎక్కడిదక్కడే.”

“నేను ఆసుపత్రికి చేరేసరికి నాలుగవుతుంది. అప్పట్నుంచి రేపు పదింటిదాకా కావాలి.”

పెద్దమ్మ వేళ్లు మడిచి చూసుకుంది. “తొమ్మిది బకెట్లు తల్లీ. ఇదేమో రోజుకొక్కటే ఇస్తుంది.”

ఆమె పరుగున తెర దగ్గరికి వెళ్లింది. రెండు వాక్యాలనూ ముట్టుకోలేదు. ఎనిమిదోదాని మీద ఉండేది చిటికెడు పనే. తలమునకలుగా ఉన్న మిగిలిన ఏడింటి పనినీ అదే వరసలోకి మార్చేసింది. తెర మీద తొంభైలన్నీ ఒక్కొక్కటే సున్నాలయ్యాయి. మిషను కింది నుంచి కాలం బొళబొళా పొంగి గదంతా పాకింది.

శాతాల సారు పరుగెత్తుకొచ్చాడు. “ఏం చేశారండీ! ఎనిమిదీ సున్నాలే!”

“మా అక్క చచ్చిపోతోంది సార్.” ఆమె గొంతు కీచుగా వచ్చింది. “నా ఉద్యోగం తీసెయ్యండి. రేపు తీసెయ్యండి. దీన్ని మాత్రం మూడింటిదాకా ముట్టుకోకండి, మీ కాళ్లు పట్టుకుంటాను.” నిజంగానే వంగబోయింది.

ఆయన తెరకేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. బూట్లు విప్పి కుర్చీ మీద పెట్టి, “ఈ ఆఫీసులో ఇంకో బకెట్టు లేదా? అందరూ ఏం చూస్తున్నారు?” అని గుమాస్తాల మీద కేకలేశాడు. మూడింటికి ఎనిమిది సున్నాల రిపోర్టు కింద తనే సంతకం పెట్టాడు.

తొమ్మిది బకెట్లను చూసి వార్డు నర్సు, “దారికి అడ్డం, మంచం కిందకి తొయ్యండి” అంది. నాలుగింటికి మొదలుపెట్టి అక్క నుదురు, మెడ, గుండెలు తుడిచారు. బావ గుడ్డ తడిపి ఇస్తుంటే ఆమె తుడిచింది. భుజాలు పడిపోయాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఎక్కడైనా ఒక్క నిమిషం జారిందేమోనని ప్రాణం గిలగిల్లాడింది. అక్క ఊపిరి ఉన్నచోటే ఉంది.

తెల్లారింది. పది అయ్యేసరికి తొమ్మిదో బకెట్టు అడుగంటింది. డాక్టరు రాలేదు. పది దాటి అయిదు నిమిషాలైంది. దారిలో ఉన్నారన్నారు. ఆమె గుడ్డ పిండింది. అక్క ఊపిరి ఒకటి తప్పింది. తడిసిన తన జాకెట్టు చేతుల అంచులు పిండింది, రెండు చుక్కలు అక్క పెదవుల మీద పడ్డాయి. ఇంక పిండడానికేం మిగల్లేదు. “అక్కా, అక్కా” అంటూ వట్టి చేత్తోనే నుదురు తుడుస్తూ ఉండిపోయింది.

తలుపు తోసుకుని పెద్ద డాక్టరు లోపలికొచ్చాడు. వార్డుబాయిలు మంచం చక్రాలు వదులు చేశారు. ఆ కుదుపుకి అక్క కళ్లు తెరిచి, ఆయన్ని చూసి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

“ఏమే, ఈయన రేపు కదా వస్తానన్నారు? ఇవాళే వచ్చేశారేంటి?”