తలుపవతల నిలబడి

అదిగో మళ్లీ, ఇంకా మూలుగు కాదు, గొంతు సవరించుకోవడం, ఇప్పుడు లోపల దొరగారు తలుపు సందుకి ముక్కు ఆనించి ఉంటాడు, కుక్కకి ఆ పేరు పెట్టింది ఆయనే, అన్నీ మనం తెచ్చి పెడితే కూర్చుని తింటాడు, దొరగారు కాక మరేమిటి అని నవ్వేవారు, ఆ నవ్వు ఆగిపోయాక సెలవులు కూడా అయిపోవచ్చాయి, సోమవారం బడి తెరుస్తారు, నేనేమో తాళం వేసి నాలుగు మెట్లు దిగలేకపోతున్నాను, అరుపు మొదలైతే చాలు కింది వాటాలోంచి ఇంటాయన వచ్చేస్తాడు, టీచరమ్మా, మీ బాధ నాకు తెలీదా, కానీ ఆ ఏడుపు వింటుంటే నాకే సన్యాసం పుచ్చుకోవాలనిపిస్తోంది, బడి తెరిచేలోపు దాని నోరు మూయించండి, లేదంటే ఎవరికైనా ఇచ్చెయ్యండి, ఎవరికిస్తాను, మా ఆడపడుచు తీసుకెళ్తానంది, వాళ్ల షెడ్డులో గొలుసుతో కట్టేస్తుంది, సోఫా మీద తప్ప పడుకోని వాణ్ణి గొలుసుతో, అదిగో సాగదీస్తున్నాడు, నా చెయ్యి దానంతటదే తాళం మీదకి పోయింది.

ఆగండి, అంది మెట్టు మీద కూర్చున్న ట్రైనరమ్మాయి, ఫోన్‌లోంచి తలెత్తకుండా, లోపల అలమరలో పెట్టిన కెమెరా చూసేదంతా ఆ ఫోన్‌లో కనిపిస్తుంది, కుక్కల ప్రవర్తన గురించి పెద్ద చదువు చదివిన పిల్ల, మొదటిరోజు వీడికి ఆయన మీద బెంగమ్మా అంటే, బెంగో కాదో నాకు కనిపించదండీ, చేసేదే కనిపిస్తుంది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, అవి చెప్పండి చాలు అంది, నాకు చురుక్కుమంది, అయినా చెప్పాను, తలుపు వేస్తాను, బయట నిలబడి వింటాను, అరుస్తాడు, లోపలికి వెళ్తాను, ఎందుకు నిలబడతారు, ఎందుకేమిటి, అరుస్తాడేమోనని, మరి అరవకపోతే, అరవకపోతే ఇంకాసేపు నిలబడతాను, ఆ పిల్ల నవ్వాపుకుంది, చెయ్యెత్తకుండా కేకలేసే పిల్లాడి వంక చూడకండి అని కొత్త టీచర్లకి నూరిపోసిన మనిషిని నేను.

చూడండి, భయపడే కుక్కకుండే ఒగర్పు లేదు, చొంగ లేదు, వణుకు లేదు, మీ అడుగుల చప్పుడూ మీ వాసనా సందులోంచి దానికి అందుతున్నాయి, మీరు వెళ్లిపోయారని అరవట్లేదండీ, వెళ్లకుండా ఇక్కడే ఉన్నారని అరుస్తోంది, పదండి వీధి చివరిదాకా, అది నిజంగా భయపడితే ఆ క్షణమే వెనక్కి వచ్చేద్దాం, నాదీ పూచీ.

దిగాను, ఏమ్మా, ఇవాళ కచేరీ లేదా అన్నాడు ఇంటాయన, వీధి చివర మందుల షాపు, వద్దన్నా కాళ్లు అక్కడే ఆగాయి, ఆయన మాత్రలు ఇక్కడే కొనేదాన్ని, షాపతను అలవాటుగా మాత్రల అర వైపు తిరిగి, గుర్తొచ్చి, చెయ్యి దించేశాడు, అరుస్తున్నాడా, లేదండీ, ఇదిగో అంటూ అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది, దొరగారు తలుపు దగ్గర ఓసారి వాసన చూశాడు, చెవులు నిక్కించాడు, ఆవులించాడు, సోఫా ఎక్కి దిండుని కాలితో గోకి ముడుచుకుని పడుకున్నాడు, అంతే, పడుకున్నాడు, చూశారా, ఇంక దీన్ని ఎవరికీ ఇవ్వక్కర్లేదు, తాళం వెయ్యండి, దిగిపోండి, అదే మందు.

సంతోషించాలి కదా, వాడు దక్కాడు కదా, మరి ఒక్కసారి అరవరా అని తెర వంక చూస్తున్నానేమిటి, ఆయన్ని తీసుకెళ్లిన రోజు వచ్చినవాళ్లందరికీ కాఫీలిచ్చాను, కప్పులు కడిగి బోర్లించాను, గట్టి మనిషి అన్నారు, అవును, కంటి తడి లేదు, మర్నాటి నుంచి తాళం వేసి తలుపుకి చెవి ఆనించేదాన్ని, వాడి గొంతు ముందు సన్నగా, తర్వాత తెగినట్టుగా, ఆపైన ఆపుకోలేనట్టుగా లేచేది, అది పూర్తిగా లేచాకే లోపలికి వెళ్లి తల నిమిరేదాన్ని, అయ్యో, ఏమైందండీ అంటూ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది, షాపతను స్టూలు తెస్తున్నాడు, ఏం లేదమ్మా అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను, తెర మీద దొరగారి పొట్ట నెమ్మదిగా లేచి పడుతోంది, వాడికి ఏడుపే లేదు, ఇన్నాళ్లూ తలుపవతల నిలబడి నేను విన్నది నా ఏడుపే.