కొలతలు రాని తాత

మా ముత్తాతకి కొలతలు రావని మా ఇంట్లో మూడు తరాలుగా నవ్వుకుంటున్నాం. ఆయన నీటిరంగులతో వేసిన బొమ్మ ఒక్కటే మిగిలింది. వెనక రెండు మూపుల కొండ, ముందంతా ఎండుగడ్డి, మధ్యలో ఒక రాతి స్తంభం. ఆ స్తంభం ఆ నేలమీద ఇప్పటికీ ఉంది, నా గడ్డం దాకా వస్తుంది. బొమ్మలో మాత్రం గుండ్రటి తలకాయ, దాని కింద, అసలు రాతిమీదైతే నాలుగు వేళ్లంత వచ్చే మెడ, అంతే. "పాపం, కాగితం సరిపోలేదేమోరా" అనేది అమ్మ. "కాగితం కాదమ్మా, బుర్ర సరిపోలేదు" అనేవాణ్ణి నేను. ఆయన్ని అందరూ మూగ తాత అనేవారట. మూగవాడేం కాదు, ఒక వయసులో ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ నేల మా అక్క వాటాకి వచ్చింది. బావ అక్కడ ఇల్లు కడదామన్నాడు. పల్లం కదా అని అక్క జంకింది. సరే, తమ్ముణ్ణి అడుగుదాం అనుకున్నారు. ముప్పై ఏళ్లుగా బొమ్మలకు ఫ్రేములు కడుతున్నవాణ్ణి, అడిగితే ఊరుకుంటానా? నా దుకాణంలో కిటికీ ఎదురుగా పదిహేనేళ్లుగా వేలాడుతున్న ఆ బొమ్మ చూపించాను. "ఎండుగడ్డి అక్కా. చుక్క నీరు లేదు. రంగుల సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఆ ఏడే పునాదులు తీశారు.

వాళ్లు ఆ ఇంట్లో చేరి నెలయింది. తాత బొమ్మ హాల్లో పెట్టుకుంటాం, అద్దం మార్చి పంపరా అంది అక్క. నాలుగు రోజులుగా వాన. దుకాణానికి ఈగ కూడా రావట్లేదు కదా అని, మధ్యాహ్నం బొమ్మ బల్లమీద బోర్లించి మేకులు పీకాను. బొమ్మ చుట్టూ అద్దం కింద వేసే అట్ట, ఎప్పటిదో, కాగితానికి అతుక్కుపోయింది. తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా లేపాను.

అట్ట కింద దాగిన రెండు వేళ్ల అంచు నీలంగా ఉంది.

మరక అనుకున్నాను. కాదు. గడ్డి రంగు గీత గీసినట్టు ఆగిపోయి, అక్కణ్ణుంచి బురద కలిసిన నీలం. అందులో అలలు, సన్నటి కుంచెతో ఒక్కొక్కటే దిద్దాడు. పాత నీలం ఎండకి నిలవదు, గోధుమరంగు నిలుస్తుంది. ఆ మాట దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాణ్ణి. అలాంటి నేనే కిటికీ ఎదురుగా వేలాడదీసి, నీలం పోగా మిగిలినదాన్ని చూసి గడ్డి అన్నాను. నా నోట్లో మన్ను పడ!

కింది అంచున పెన్సిలుతో చిన్న అక్షరాలున్నాయి. "మూడో రోజు. నీళ్లు తగ్గలేదు. చిన్నది ఇంకా దొరకలేదు."

ఆయన కూతురు మా అమ్మమ్మకి ఒక చెల్లెలుండేదని మాకెవరూ చెప్పలేదు.

అక్కకి ఫోన్ చేశాను. "ఇల్లు ఎలా ఉందే?"

"బానే ఉందిరా. స్నానాలగదిలో నీళ్లు పోవట్లేదు, పైగా గుడగుడమంటూ పైకొస్తున్నాయి. కొత్తిల్లు కదా, అదే సర్దుకుంటుందంటున్నారు మీ బావ."

బొమ్మని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పరుగెత్తాను.

బావ వసారాలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. బొమ్మ అంచు చూపించాను. పెన్సిలు రాత చదివి వినిపించాను. ఆయన నవ్వాడు.

"గడ్డి అన్నదీ నువ్వే, నీళ్లంటున్నదీ నువ్వే. రేపు మళ్లీ గడ్డి అంటావా?"

"తప్పు నాదే బావా, కావాలంటే చెప్పుచ్చుకు కొట్టు. ముందు ఇల్లు ఖాళీ చెయ్యండి!"

"వానకి భయపడి ఇల్లొదిలేస్తే నలుగురూ నవ్వరూ? కూర్చో, టీ తాగు."

నాకు ఒళ్లు మండింది. ఇంకో మాట అనేవాణ్ణే. ఈలోగా అక్క నా చేతిలోంచి బొమ్మ తీసుకుని చాలాసేపు చూసింది.

"ఒరేయ్, తాతకి కొలతలు వచ్చేమోరా" అంది.

వానలోనే పెరట్లోకి దిగింది. అక్కడ ఆ రాతి స్తంభానికి బట్టలారేసే తాడు కట్టి ఉంది. దాని గుండ్రటి తలకాయ కింద నాలుగు వేళ్లు ఆనించి, ఆ వేళ్ల కిందే అరచెయ్యి అడ్డంగా పెట్టింది. బొమ్మలో స్తంభం సరిగ్గా అక్కడిదాకే కనిపిస్తుంది. ఆ కిందదంతా నీళ్లలో ఉంది.

"పాపా, ఇలా రామ్మా" అని పిలిచింది.

నా మేనకోడలికి ఐదేళ్లు. ఎత్తు కొలుస్తున్నారనుకుని సంబరంగా పరుగెత్తుకొచ్చి, రాతికి వీపు ఆనించి నిలబడింది. అక్క చెయ్యి దాని తలకి జానెడు పైన ఉంది. పాప మడమలెత్తింది. అయినా అందలేదు.

"ఇంకా ఎంత పెరగాలమ్మా?"

బావ కప్పు పక్కన పెట్టి మెట్లు దిగాడు. నేనొచ్చినప్పుడు నీళ్లు లేనిచోట ఇప్పుడు ఆయన పాదాలు చీలమండల దాకా మునిగాయి. కిందకి చూసుకున్నాడు, స్తంభాన్ని చూశాడు. అక్క అప్పటికే పాపని ఎత్తుకుని, తలుపు కూడా వెయ్యకుండా గట్టుమీది రోడ్డుకేసి నడుస్తోంది. నేను బావ చెయ్యి పట్టుకుని లాగాను.