అన్నీ పసుపు వైర్లే

రెండువేల నాలుగులో మా బిడ్డ సుమిత్ర తొలి కాన్పుకు బోధన్‌లోని మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ, నందిపేట నుంచి వియ్యాలవారు వస్తారు. వాళ్లు నోరు తెరిచి పైకి చూడాలని నేను హాలుకు పీఓపీ సీలింగు వేయించి, అందులో ఒదిగే గుండ్రటి లైట్లు నాలుగు పెట్టించాలనుకున్నాను. రెండో తరగతితో బడి మానినదాన్ని. తెలియని పని కనిపిస్తే నాకు చేయి ఆగదు. కరెంటు పని చేసే రాజారాం రాసిచ్చిన చీటీ పట్టుకుని నేనే బస్సెక్కి నిజామాబాదు పోయాను.

వేడికి కరగని రకం వైరు, ఎర్రది, నల్లది, ఆకుపచ్చది అని రాశాడు. పసిపిల్ల నెత్తిమీద నల్లదా అనుకుని మూడు చుట్టలూ పసుపు రంగువే తెచ్చాను.

సంచి విప్పి రాజారాం కింద కూలబడ్డాడు. "పెద్దవ్వా, కరెంటొచ్చేదేది, మళ్లిపొయ్యేదేది, భూమిలకు దిగేదేది? అన్ని ఒక్కతీరుగుంటె నేనెట్ల గుర్తువట్టాలె?"

"పోరి మీద నలుపు మంచిది గాదు కొడుకా."

లోపలినుంచి సుమిత్ర అందుకుంది. "అవ్వా, పొద్దుగాల లేస్తె దాని చెంపకు నల్లసుక్క పెట్టేది నువ్వేనాయె. అప్పుడు లేదా నలుపు?"

ఇరుక్కున్నప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. నలభై ఏళ్లు బీడీలు చుట్టి కట్టలు కట్టిన చేయి నాది, దారంతో గుర్తులు పెడతానన్నాను. కరెంటొచ్చే వైరుకు ఎర్రదారం, భూమిలోకి దిగేదానికి తెల్లదారం, మూడోదానికి ఏమీ లేదు. రాజారాం తల కొట్టుకుంటూనే పైపుల్లో వైర్లు లాగాడు.

పండుగకు ముందురోజు సీలింగు పూర్తయింది. స్విచ్చుల బోర్డు దగ్గర చూస్తే పీఓపీ నీళ్లు పడి ఎర్రదారం కూడా తెల్లబడి కూర్చుంది.

"రెండు కొసలు వట్టి ఒక్కొక్కటే సూడాలె పెద్దవ్వా. రేపు పొద్దుగాలొస్త."

"రేపు వియ్యాలోల్లు వస్తున్నరు. నాకు యాదుంది. గిదే ఎర్రది."

నా పెళ్లికి ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో ఇప్పటికీ చెప్తాను. వారం కింద కట్టిన దారం మరిచిపోతానా? మరిచిపోయాను.

నేను చూపించిన వైరునే రాజారాం స్విచ్చుకు బిగించాడు. స్విచ్ వేస్తే ఒక్క లైటూ వెలగలేదు. బల్బులే పాడైనవని తీర్పు చెప్పేసి, మనవరాలిని ఎత్తుకుని తొట్టె వైపు నడిచాను. సీలింగులోంచి దిగిన ఇనుప గొలుసుకు తొట్టెను అప్పటికే తగిలించి పెట్టాను.

"పెద్దవ్వా, ఆగు. గొలుసు ముట్టకు."

రాజారాం టెస్టరు తెచ్చి గొలుసుకు ఆనించాడు. టెస్టరులో చిన్న దీపం ఎర్రగా వెలిగింది. ఆ రోజు మా హాల్లో వెలిగింది అదొక్కటే.

భూమిలోకి దిగాల్సిన వైరు లైట్ల రేకుకు బిగించి ఉంది. ఆ రేకు సీలింగు ఇనుప చట్రానికి, చట్రం గొలుసుకు ఆనుకుని ఉన్నాయి. నేను యాదుందని చూపించి దానికే కరెంటు ఇప్పించాను. సుమిత్ర వచ్చి నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు తొట్టెను లోపలి గదిలో దూలానికి తాడుతో కట్టాం. లైట్లేవని చుట్టాలు అడిగితే, "దుకాణపోడు సామాను ఇంక పంపలే" అని సుమిత్ర నా పరువు నిలిపింది. నేనూ ఊ కొట్టి లడ్డు నోట్లో వేసుకున్నాను.

అప్పుడు వియ్యపురాలు రుక్మాబాయి నా పక్కకు జరిగింది. "ఒదినె, నువ్వు ఫోన్ల జెప్పినట్టే మా ఇంటికి గూడ అన్ని పసుపు వైర్లే తెప్పిచ్చిన. మనుమరాలు రేపు ఉండేది గాడనే గద."

లడ్డు నోట్లో ఉండగానే చుట్టాలందరి ముందే మొత్తం చెప్పేశాను, దారం, పీఓపీ నీళ్లు, నా జ్ఞాపకశక్తి, గొలుసు, అన్నీ.

రుక్మాబాయి నడుం మీద చేయి పెట్టుకుంది. "మరి ఫోన్ల గంటసేపు నాకు పాఠం జెప్తివి?"

"జెప్పేటప్పుడు తెల్వదొదినె."

అందరూ నవ్వారు. సుమిత్ర నవ్వలేదు గానీ మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

"అయితె నల్లది ఎన్ని చుట్టలు తేవాలె?" అంది రుక్మాబాయి.

నాలుక చివరిదాకా ఒక లెక్క వచ్చింది. దాన్ని నీళ్లతో పాటు మింగేశాను.

"నన్నడుగకు. రాజారాంను పిలుస్త, ఆయన్నడుగు."