గీత నిండేదాకా

కూర్మనాథం కీబోర్డును బోర్లించి వెనక రెండు దెబ్బలు వేశాడు. మరమరాల పొట్టు రాలింది. రేఖ పనే. కౌంటరు దగ్గర కూర్చోమంటే ఈ కుర్చీలో కూర్చుని తింటుంది, ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పినా అంతే. పొట్టు ఊదేసి, అరచేత్తో తుడిచి, మళ్ళీ తిప్పి పెట్టుకున్నాడు.

నరసన్నపేటలో హైవే దిగి లోపలికి వస్తే ఎరువుల కొట్టు వెనకాల ఉంటుంది ఆ స్కానింగు సెంటరు. లోపలి గదిలో స్కాన్ తీస్తారు. ఆ బొమ్మలన్నీ ఒక పెద్ద ఫైలై కూర్మనాథం కంప్యూటరులోకి వస్తాయి. దాన్ని అతను వెబ్‌సైటులోకి ఎక్కిస్తే విశాఖపట్నంలో డాక్టరు చూసి, ఏముందో రాసి పంపుతాడు. కూర్మనాథం ఉద్యోగం అంతే, ఎక్కించడం.

పొట్టిమనిషి. తెరలోకి చూసి చూసి మెడ ముందుకు వంగిపోయింది. చెవుల మీద వెంట్రుకలు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సోంపు పొట్లం. తండ్రి శ్రీకూర్మంలో స్వామివారి మేలుకొలుపు పాడేవాడు. కొడుక్కి గొంతు రాలేదు. శ్రీకాకుళంలో టైపు నేర్చుకుని, రైసుమిల్లులో చేసి, ఫోను బూత్‌లో కూర్చుని, చివరికి ఇక్కడ తేలాడు. ఎక్కడా గొప్ప పేరూ రాలేదు, చెడ్డ పేరూ రాలేదు. ఇలాంటివాళ్ళు లేకపోతే ఏ ఆఫీసూ నడవదు, ఉంటే ఉన్నట్టు ఎవరూ గుర్తించరు.

పొద్దుటి నించీ అతనికి గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టుంది. గ్యాసు అనుకున్నాడు. మా జిల్లాలో మగాళ్ళకి వచ్చే జబ్బు అదొక్కటే కదా. భార్య జగదీశ్వరి వాము నీళ్ళు ఇచ్చి, ఈ పూట ఎవరైనా డాక్టరుకి చూపించుకోమని పోరింది. రోజూ డాక్టర్ల మధ్యనే ఉంటానన్నాడు. నిజానికి ఆ సెంటరులో డాక్టరన్నవాడు లేడు. ఉన్న ఒక్కాయనా విశాఖలో, తెర అవతల ఉన్నాడు.

ఎండెక్కే వేళకి దాలయ్యను ఆటోలో తెచ్చారు. గడ్డి లోడు మీంచి పడ్డాడట. తల పగల్లేదు, నెత్తురు లేదు, మాట మాత్రం ముద్దగా వస్తోంది. కూడా అతని భార్య లక్ష్మణమ్మ, ఊరివాళ్ళు నలుగురైదుగురు. స్కాన్ అయింది. విశాఖ డాక్టరు ఫోనులో మాట్లాడాడు. తను ఆపరేషను గదిలోకి వెళ్ళబోతున్నాననీ, వెళ్తే సాయంత్రం దాకా బయటికి రాననీ, ఈలోగా బొమ్మలు చూస్తే మనిషిని తీసుకురావాలో కదపకూడదో చెప్తాననీ అన్నాడు. కూర్మనాథం ఫైలు పెట్టి బటను నొక్కాడు. తెర మీద సన్నటి నీలం గీత మొదలైంది.

ఆ గీత కోసం అతను చాలా పాటుపడ్డాడు. మొదట్లో అక్కడ ఒక చక్రం తిరుగుతూ ఉండేది. ఎంత ఎక్కిందో, అసలు ఎక్కుతోందో లేదో తెలిసేది కాదు. ఆ వెబ్‌సైటు చేసిన కుర్రాడు పృథ్వీరాజ్‌కి ఫోన్లు చేసి చేసి, బతిమాలి, విసిగించి ఆ గీత పెట్టించుకున్నాడు. పృథ్వీరాజ్ దాని కిటుకు కూడా చెప్పాడు. మనం లాగిన్ కాగానే సర్వరు మన పేర ఒక గూడు కేటాయిస్తుంది, దాన్నే సెషన్ అంటారు. ఫైలు ఎంత వచ్చిందో ఆ గూట్లో రాసుకుంటూ పోతుంది. ఇక్కడి పేజీ ఊరుకోకుండా దాన్ని అడిగి వస్తూ గీతను జరుపుతుంది. ఒకసారి మొదలెడితే మనిషి ముట్టుకోనక్కర్లేదు.

బాగానే ఉంది. కానీ మనవాళ్ళ సంగతి పృథ్వీరాజ్‌కి తెలీదు. మనిషికో పేరు పెట్టుకోండంటే విన్నారా? సెంటరు మొత్తానికి ఒకటే లాగిన్, వీధి కుళాయిలా అందరిదీ. ఆ పాస్‌వర్డు గోడ క్యాలెండరు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. రెండో కంప్యూటరులో అదే పేరుతో ఎవరైనా లోపలికి వెళ్తే, సర్వరు మొదటివాడి గూడు పీకేస్తుంది. సగం ఎక్కిన ఫైలు గంగలో కలుస్తుంది. అందుకే కూర్మనాథం ఒక పద్ధతి పెట్టాడు. ఒకటి ఎక్కుతుండగా ఇంకొకటి ముట్టుకోకూడదు.

ఆ రోజు రేఖ ముట్టుకుంది. మోకాలి స్కాన్‌కి వచ్చిన ఒక మేస్టారు కౌంటరు దగ్గర గొడవ చేస్తుంటే, ఆయన పేరు తనే ఎక్కించి బాబాయికి ఒక పని తగ్గిద్దామని కౌంటరు కంప్యూటరులో లాగిన్ అయింది. ఇక్కడ సగం దాటిన గీత మాయమైంది. మళ్ళీ లాగిన్ కమ్మని తెర అడిగింది.

కూర్మనాథం అరవలేదు. లేచి, కౌంటరు దాకా నడిచి, ఆ కంప్యూటరు ప్లగ్గు పీకి వచ్చాడు. ఆ కాస్త దూరానికే చొక్కా తడిసిపోయింది. విశాఖకి ఫోను చేసి, ఎత్తిన సహాయకుణ్ణి డాక్టరుగారిని కాసేపు ఆపమని వేడుకున్నాడు. చూస్తానన్నాడు గానీ ఆపుతానని అనలేదు. ఫైలు మళ్ళీ పెట్టాడు. గీత మళ్ళీ మొదటికొచ్చి, నత్తనడక మొదలెట్టింది.

రేఖ ఏడుపుమొహంతో వచ్చి నిలబడింది. "నాను కావాలని సేయలేదు బాబాయ్, ఆ మేస్టారు తొందరెట్టీసినారు."

తెలుసులే, ఇక్కడే ఉండి ఇంకెవరూ ముట్టుకోకుండా చూడమన్నాడు. ఎందుకలా చెమట్లు పడుతున్నాయని అడిగితే గ్యాసన్నాడు. సోడా తెప్పించనా అంటే ఇదవ్వనీ అన్నాడు.

లక్ష్మణమ్మకి చదువు రాదు. కూర్మనాథం మొహం చిట్లిస్తే బెదిరిపోతోంది, సర్దుకుంటే ఊపిరి పీలుస్తోంది. మొగుడి ప్రాణం ఈ మనిషి మొహంలో రాసుందన్నట్టు కళ్ళార్పకుండా చూస్తోంది. అది చూసి కూర్మనాథానికి జాలేసింది. కుర్చీ కాస్త పక్కకి జరిపి తెర కనపడేలా చేశాడు.

"నా మొహంలో ఏముందమ్మా? ఆ గీత చూడు. ఈ చివరికొస్తే మీ ఆయన బొమ్మ విశాఖ వెళ్ళిపోయినట్టే."

"ఎల్తన్నాదా బాబూ?"

"వెళ్తోంది. అదే చూస్తూండు."

ఆమె చూసింది. వెనక ఊరివాళ్ళు చూశారు. రేఖ చూసింది. గొడవపడ్డ మేస్టారు కూడా వచ్చి, అందరి భుజాల మీంచి చూశాడు. గీత ఒకచోట ఆగితే ఊపిర్లు ఆగాయి. జరిగితే ఎవరో హమ్మయ్య అన్నారు. సగమైంది, ముప్పాతికైంది. చివర కొంచెం ఖాళీ ఉండి చాలాసేపు కదల్లేదు. లక్ష్మణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత గీత నిండింది.

విశాఖ నుంచి ఫోను కూడా వెంటనే వచ్చింది. రేఖ ఎత్తింది. తలలో నెత్తురు గడ్డకట్టింది, వెంటనే బయలుదేరి రండి, అందాకా మనిషిని పడుకోబెట్టే ఉంచండి అన్నాడు డాక్టరు. ఇక అంతా పరుగులే. దాలయ్యను అంబులెన్సులోకి ఎక్కించారు. లక్ష్మణమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కూర్మనాథం కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం గుండెల మీద ఆన్చి ఉన్నాడు. ఆమె వంగి అతని కాళ్ళకి దండం పెట్టుకుంది. రేఖ లేపబోతే వద్దంది.

"పడుకోనీయమ్మా. అలిసిపోనాడు."

అంబులెన్సు హైవే ఎక్కిన చప్పుడు వినపడింది. మేస్టారు తన మోకాలి సంగతి గుర్తుచేశాడు. రేఖ దగ్గరికి వెళ్ళి పిలిచింది. బాబాయ్ అని రెండోసారి పిలుస్తూ చేయి పట్టుకుంది. చేయి చల్లగా ఉంది.

ఏ క్షణంలో పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. సగం దగ్గరో, ముప్పాతిక దగ్గరో. చెయ్యి చాచితే అందేంత దగ్గరలో అంతమంది ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు అతని వైపు చూడలేదు. చూడొద్దని అతనే చెప్పాడు మరి, మహానుభావుడు. ఒళ్ళు మండుతుంది తలుచుకుంటే.

జగదీశ్వరి వచ్చింది, చుట్టాలు వచ్చారు, తీసుకెళ్ళారు. ఆ హడావిడిలోనే లక్ష్మణమ్మ ఫోను చేసింది. తగరపువలస దాటామనీ, మనిషి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడనీ చెప్పింది.

"ఆ బాబు లేసినాడా? మా ఇంటాయన బాగుంటే ఇద్దరం వచ్చి కనపడతామని సెప్పమ్మా."

"సెప్తాను," అంది రేఖ.

పొద్దువాలాక సెంటరుకి తాళం వేసింది. లోపలికి వచ్చేవాళ్ళంతా, పనిచేసేవాళ్ళు కూడా, చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. ఎవరివి వాళ్ళు తొడుక్కుని పోగా ఒక్క జత మిగిలింది. మడమల దగ్గర అరిగిపోయి, ఎడమదాని పట్టీ తెగితే పచ్చ వలదారంతో కుట్టి ఉంది, లోపలికి వెళ్ళినవాడు విడిచినట్టే గోడవైపు తిరిగి.