లక్ష్మణప్పకు పొన్నాడ

చెప్పాల్సినవి రెండే ముక్కలు. పెదనాయనా, నీకు పొన్నాడ కప్పుతారంట. ఆ దినం నుంచి నువ్వు గ్రౌండుకు రావద్దంట. మొదటి ముక్క తనూజ నోట్లోంచి సులువుగా వచ్చేసింది. రెండోది గొంతులో అడ్డం పడి కూచుంది, ఎంత మింగినా దిగదు, ఎంత కక్కినా రాదు.

పొన్నాడంటే ఇంకేమీ కాదు, శాలువే. మా హోసూరు, కృష్ణగిరి పక్క సభల్లో అరవం నడుస్తాది, అరవంలో పొన్ అంటే బంగారం, అందుకే దానికి ఆ బంగారు పేరు. కప్పించుకున్నోడు పెద్దమనిషి అయితాడు, కప్పినోడు అంతకంటే పెద్దమనిషి అయితాడు. నడుమ ఫోటో తీసేవాడి బతుకు గడుస్తాది. అంతకుమించి దాంట్లో ఏముందని నన్నడిగితే నేను చెప్పలేను. అయితే లక్ష్మణప్పకు మాత్రం ఆ మాట చెవిన పడంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. కోర్టుకు గీతలు గీసే సున్నం డబ్బా కిందపెట్టి, తెల్లగా ఉండే ఆ చేతుల్తోనే మొకం తుడుచుకున్నాడు.

"నాకా పాపా? నిజంగా నాకేనా? పేరు సరిగ్గా చూసినావా నువ్వు?"

"నీకే పెదనాయనా. వచ్చే ఆదివారం, కృష్ణగిరి కల్యాణమండపంలో. జిల్లాలో బాల్ బ్యాడ్మింటన్‌ను పైకి తెచ్చినోళ్ళకంతా సన్మానం."

"ఆహా!" అన్నాడు ఆయన. ఆడుతా ఉండే ఆడపిల్లలు నెట్టు దాటుకుని వచ్చి ఆయన చుట్టూ గంతులేసినారు. ఆ కేకల్లో రెండో ముక్క ఎట్ల చెప్పేది? రేపు చెప్తాలే అనుకుంది తనూజ.

ఆ గ్రౌండు సంగతి చెప్పల్ల. హోసూరును ఆనుకునుండే మూకండపల్లిలో ఫ్యాక్టరీల ఎస్టేటు వెనక ఒకప్పుడు అది ఇనప తుక్కూ, పగిలిన గాజూ పారేసే చోటు. లక్ష్మణప్ప ఆ పక్కూరు జూజువాడిలో రైతుల ఇంటి బిడ్డ, ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. తొంభై ఒకటిలో ఆయనకు ఏం పురుగు తొలిచిందో, నైట్ షిఫ్టు దిగి ఇంటికి పోకుండా ఆ తుక్కు ఏరడం మొదలుపెట్టినాడు. ఎర్రమన్ను తోలించి, నీళ్ళు కొట్టి, రోలరు లాగి, రెండు గుంజలు పాతి నెట్టు కట్టినాడు. ఉన్ని చుట్టిన పసుప్పచ్చ బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, అదీ ఆట. యాడాడ నుంచో పనికి వచ్చి క్వార్టర్సుల్లో చేరినోళ్ళ ఆడపిల్లలను పిలిచి రాకెట్లు చేతికిచ్చినాడు. ఎవురూ అడగలేదు, ఎవురూ పైసా ఇవ్వలేదు. ఆయన భార్య మంజులమ్మ మాత్రం, "నన్ను కట్టుకునేటప్పటికంటే ఆ నెట్టు కట్టుకునేటప్పుడే నీ మొకంలో కళ ఎక్కువుంటాదప్పా" అని ఎత్తిపొడిచేది. ఎత్తిపొడుస్తానే టోర్నమెంటు దినాల్లో పిల్లలకంతా చిత్రాన్నం కలిపి పంపేది.

తనూజ వాళ్ళ నాయన మదనపల్లి పక్క నుంచి వచ్చి ఈడ ఫిట్టరుగా చేరినప్పుడు ఆమె చిన్నపిల్ల. తక్కిన పిల్లలు లక్ష్మణప్పను సార్ అంటే ఈమె పెదనాయనా అనింది. ఆయన ఆ పిలుపుకు పడిపోయినాడు. బిడ్డలు లేని మనిషి. ఆటా నేర్పినాడు, చదువూ కనిపెట్టినాడు. ఆడపిల్లకు ఆటల చదువు ఏందని వాళ్ళ నాయన అడ్డం పడితే, గడపలో కూచుని పట్టుబట్టి, మద్రాసుకు పంపించి కోచింగు డిప్లమా చేయించింది ఈయనే. ఆ డిప్లమానే ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకుంది చూడండి.

కృష్ణగిరి వేరే జిల్లా అయినాక కొత్త సంఘం పెట్టినారు. దానికి అధ్యక్షుడు ఈశ్వరప్రసాద్, గ్రానైటు వ్యాపారి. చెడ్డోడు కాదు, పని కావల్లంతే ఆయనకు. తనూజను పిలిపించి కూచోబెట్టి మెత్తగా చెప్పినాడు. "మీ క్లబ్బును సంఘంలో చేర్చుకోవల్లంటే డిప్లమా ఉండే కోచ్ ఉండల్లమ్మా, అది రూలు. ఇంగొకటి, ఆ లక్ష్మణప్ప నోరు నీకు తెలియందా? సెలెక్టరు మీద కుర్చీ ఎత్తినాడు. ఆ కోపంతో రెండేండ్లుగా మీ పిల్లల్లో ఒక్కర్ని కూడా స్టేటు జట్టుకు తీసుకోలేదు. ఘనంగా ఒక సన్మానం చేసి సాగనంపుదాం. కోచ్‌గా నువ్వుండు. ఈ మాట నువ్వే చెప్పు, నీ మాటయితే వింటాడు."

తనూజ ఎదురు చెప్పలేకపోయింది. ఎందుకంటే దాంట్లో అబద్ధం లేదు. ఆశ అనే పిల్ల, మూకండపల్లి కెప్టెను, జిల్లాలో దాన్ని మించి ఆడేది లేదు. అట్లాంటిది రెండేండ్లు సెలక్షన్ల నుంచి ఏడుస్తా ఇంటికొచ్చింది. ఆ ఏడుపుకు కారణం లక్ష్మణప్ప కోపం. ఈ ఏడు కూడా పోతే దాని వయసు దాటిపోతాది. తనూజకు ఇదంతా తెలుసు. తనకు ఆ కోచ్ పేరు కావల్లని లోపల ఒక మూల ఆశగా ఉండేదీ తెలుసు. అందుకే నోరు ఇంకా పెగల్లేదు.

మరుసటి దినం ఇంటికి పోయింది, చెప్పేసేకని. పోతే ఆడ మంజులమ్మ పంచెకు గంజి పెడతా ఉంది.

"చూసినావా తనూజా మీ పెదనాయన సంబరం? పెండ్లికి కూడా ఇట్ల తయారు కాలేదు ఈ మనిషి. వీధిలో కుక్కకు కూడా చెప్పి వచ్చినాడు."

"చెప్పుకోనీయే!" అని లోపల్నుంచి అరిచినాడు లక్ష్మణప్ప. "ఫ్యాక్టరీ మూసినప్పుడు ఒక దండ కూడా వేయకుండా గేటు బయటికి పంపినారు నన్ను. ఇప్పుడు జిల్లా జిల్లానే పిలిచి పొన్నాడ కప్పుతా ఉంది. పాపా, నాకొక ఆలోచన వచ్చింది. సన్మానం అయినాక ఆ ఈశ్వరప్రసాదును పట్టుకుని గ్రౌండుకు లైట్లు అడుగుదామా? చీకటి పడినాక కూడా పిల్లలు ఆడుకుంటారు."

తనూజ తల ఊపింది. తల ఊపి, కాఫీ తాగి, వచ్చేసింది. దారిపొడుగునా తన్ను తానే తిట్టుకుంది, ఛీ, నీదీ ఒక నోరేనా అని. తిట్టుకుంటే ఏం లాభం? తిరిగి పోయి చెప్పిందా, లేదు.

ఆదివారం పొద్దున్నే హోసూరు బస్టాండులో అందరూ బస్సెక్కినారు. పిల్లలంతా వెనక సీట్లలో, లక్ష్మణప్ప, మంజులమ్మ ముందు, వాళ్ళ పక్కన తనూజ. శూలగిరి కొండ కనపడేదాకా ఆయన లైట్ల గురించే మాట్లాడినాడు. తర్వాత గొంతు తగ్గించి, "పాపా, నాకు కోపం జాస్తి. నా కోపంతో ఆశకు అన్యాయం జరిగింది, నాకు తెలుసు. ఈ పొద్దు ఆ సెలెక్టరు కనపడితే అందరి ముందరా చెయ్యి పట్టుకుని తప్పయిందని చెప్పేస్తాను. ఇంగ ఆ పీడ ఉండదు" అన్నాడు.

ఇదే సందు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు? తనూజ నోరు తెరిచింది. "పెదనాయనా, ఆ సంఘమోళ్ళు ఏమనుకుంటా ఉండారంటే..."

"ముందు తినమ్మా, మొకం ఎంత పీక్కపోయింది చూడు" అని మంజులమ్మ చిత్రాన్నం పొట్లం విప్పి చేతిలో పెట్టింది. "ఏమనుకుంటా ఉండారంట పాపా?" అని అడిగినాడు ఆయన. "నిన్ను బాగా గౌరవించల్లని" అనింది తనూజ. అన్నంలోకి తల వంచేసింది. దేవుడా, ఆ ఒక్క మాట నోరు దాటించి ఉంటే ఈ కథ నేను చెప్పే పనే ఉండేది కాదు.

మండపంలో మైకు గోల. సంఘానికి చందా ఇచ్చినోళ్ళకు ముందు కప్పినారు. బ్యానరు కట్టించినోడికి కప్పినారు, భోజనాల కాంట్రాక్టరుకు కప్పినారు, ఆ బంతి గుండ్రంగా ఉంటాదా చదరంగా ఉంటాదా తెలియనోళ్ళకంతా కప్పినారు. లక్ష్మణప్ప గంజి పంచె నలగకుండా బిగుసుకుని కూచున్నాడు పాపం. చివరికి ఆయన పేరు పిలిచినారు. పిల్లలు విజిళ్ళు వేసినారు. ఈశ్వరప్రసాద్ తన చేత్తో పొన్నాడ కప్పి, గంధం మాల వేసినాడు. ఫోటో తీసినారు. లక్ష్మణప్ప మొకం చూస్తే ఎట్లాంటోడికైనా కడుపు నిండిపోయేది.

అప్పుడు మైకులో అరవంలో తీయగా చెప్పినారు. ఇన్నేండ్లు కష్టపడిన పెద్దాయనకు ఈ పొద్దు నుంచి సంఘం విశ్రాంతి ఇస్తా ఉంది, మూకండపల్లి క్లబ్బు బాధ్యత డిప్లమా పొందిన కోచ్ తనూజ తీసుకుంటారు, చప్పట్లు కొట్టండి అని.

కొందరు కొట్టినారు. లక్ష్మణప్ప నవ్వు మొకం మీద అట్లే ఉండిపోయింది, కళ్ళు మాత్రం సభలో వెతికినాయి. తనూజ మీద పడి ఆగినాయి.

ఆశ లేచి నిలబడింది. "అక్కా! నీకు ముందే తెలుసు కదా? తెలిసే సార్‌ను పిలుచుకొచ్చినావు కదా?" అని అంతమంది నడుమ అరిచింది. తక్కిన పిల్లలు కూడా లేచినారు. "మాకు ఈ సంఘమూ వద్దు, ఆయమ్మ కోచింగూ వద్దు, రాండే పోదాం" అని ఒకటే గలాటా. ఈశ్వరప్రసాద్ మొకం మాడిపోయింది. పిల్లలు ఆ వాకిలి దాటి పోయి ఉంటే క్లబ్బూ లేదు, స్టేటూ లేదు, అంతటితో సరి.

లక్ష్మణప్ప మైకు తీసుకున్నాడు. కుర్చీ ఎత్తిన మనిషి కదా, ఏమంటాడో అని అందరూ ఆయన పక్కే చూసినారు.

"ఆశా, కూచో. అందరూ కూచోండి" అన్నాడు. "తనూజ నాకు ముందే చెప్పింది. నేనే సరే అన్నాను. మీకు చెప్పద్దని నేనే అన్నాను. నా వల్ల మీ ఆట చెడింది, ఇంగ చెడకూడదు. మీ అక్క చెప్పినట్ల వినండి. ఎవురన్నా ఎదురు తిరిగితే నా మీద ఒట్టు."

పిల్లలు కూచున్నారు. తనూజ ఎట్ల స్టేజీ ఎక్కిందో ఆమెకే తెలియదు, పోయి ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన తల మీద చెయ్యి పెట్టినాడు. అది కూడా ఫోటో తీసినారు. సెలెక్టరు ఎదురుగా వస్తే, బస్సులో చెప్పినట్లే లక్ష్మణప్ప చెయ్యి పట్టుకుని తప్పయిందని చెప్పుకున్నాడు. ఆ పని అయినాక మొగుడూ పెండ్లామూ భోజనానికి కూడా నిలవకుండా వేరే బస్సులో వెళ్ళిపోయినారు.

తర్వాత అంతా ఈశ్వరప్రసాద్ చెప్పినట్లే జరిగింది. క్లబ్బు సంఘంలో చేరింది. పిల్లలు ఒట్టుకు కట్టుబడి తనూజ చెప్పినట్లల్లా ఆడినారు, అయితే ఆట గురించి తప్ప వేరే మాట ఆమెతో మాట్లాడలేదు. లక్ష్మణప్ప గ్రౌండు పక్కకే రాలేదు. సెలక్షన్లలో ఆశ స్టేటు జట్టులోకి వచ్చింది. ఆ కాగితం అందిన సాయంత్రం తనూజ కిలో మైసూరుపాకు కట్టించుకుని ఆయనింటికి పరిగెత్తింది. సభ అయినాక ఆ గడప తొక్కడం అదే మొదలు. ఈ ఒక్క మాట విన్నాడంటే తిట్టి, కొట్టి, ఏదో ఒకటి చేసి దగ్గరికి తీసుకుంటాడని ఆమె నమ్మకం.

ఆయన బనీనుతో వాకిట్లో కూచుని ఉండాడు. ఈమెను చూసి లేచినాడు. లోపలికి పోయి, చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చినాడు. కుర్చీ తెచ్చి కండువాతో తుడిచినాడు.

"రాండి మేడం. కూచోండి."

తనూజ నిలబడే ఉంది. "పెదనాయనా, ఆశ స్టేటుకు సెలెక్టయింది."

"చానా సంతోషం మేడం. మీ కష్టం."

"నన్ను మేడం అనద్దు పెదనాయనా. నీ కాళ్ళకు మొక్కుతాను. బుద్ధి లేక చెప్పలేకపోయినాను. తిట్టు. నోటికొచ్చినట్ల తిట్టు, చెంప పగలగొట్టు, పడతాను."

మంజులమ్మ లోపల్నుంచి కాఫీ తెచ్చింది. ఇంట్లో అందరూ తాగే లోటాలో కాదు, చుట్టాలు వస్తే బయటికి తీసే పూల కప్పులో. తనూజ చేతికివ్వకుండా పక్కన స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది.

"మిమ్మల్ని తిట్టేకి నేనెవుర్ని మేడం?" అన్నాడు లక్ష్మణప్ప. ఎగతాళి లేదు, కోపమూ లేదు, బయటోళ్ళతో మాట్లాడేటప్పుడు ఉండే మర్యాదే ఉండాది ఆ గొంతులో. "కాఫీ చల్లారిపోతాది. తాగండి."

తనూజ కూచుని తాగింది.